ఏడో బొమ్మ దగ్గర తేలుతుంది: సొంత సరదా ప్రాజెక్టుకు ఏఐ బొమ్మలా, ఆర్టిస్టు గీసినవా?

పిల్లల కథల పుస్తకం, ఊరి చరిత్ర మీద చిన్న పుస్తకం, పులి–మేక ఆట పెట్టె, యూట్యూబ్ ఛానెల్‌కు ముఖచిత్రం. ఇలాంటివి లాభం కోసం కాకుండా ఇష్టంతో, సొంత డబ్బుతో చేసుకునేవాళ్లకు అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతంలో బొమ్మల కోసం నాలుగు దారులున్నాయి. ఒకటి ఏఐ. రెండోది ఊళ్లో ఫ్లెక్సీ, డీటీపీ షాపులో కూర్చునే డిజైనర్. మూడోది ఇంటి దగ్గర నుంచి పనిచేసే ఫ్రీలాన్స్ ఆర్టిస్టు. నాలుగోది నిమ్మలకుంట లాంటి చోట్ల తరతరాలుగా తోలుబొమ్మలు చేస్తున్న కళాకారులు. ఈ నాలుగింటినీ చిన్న ప్రాజెక్టు అవసరాలతో పోల్చి చూస్తే మా తీర్పు ఇది. ఒక్క బొమ్మతో పని ముగిసిపోయేటట్టయితే, అందులో ఫలానా ఊరో ఫలానా మనిషో కచ్చితంగా కనిపించనక్కర్లేకపోతే, ఏఐ చాలు. రెండో బొమ్మ మొదటి బొమ్మతో కలవాలన్నా, బొమ్మలో ఉన్నది నిజంగా ఉన్నట్టే ఉండాలన్నా ఆర్టిస్టుకు డబ్బు పెట్టడమే చివరికి తక్కువ ఖర్చు.

చాలామంది మొదటి బొమ్మ చూసి నిర్ణయం తీసుకుంటారు. ఏఐ ఇచ్చే మొదటి బొమ్మ ఎప్పుడూ బాగుంటుంది. అది ఏడో బొమ్మకు ఎలా వస్తుందో చూసి నిర్ణయించాలి.

ఏఐ ఎక్కడ బాగా పనికొస్తుంది

పాడ్‌కాస్ట్ ముఖచిత్రం, వాట్సాప్ ఆహ్వానం వెనక రంగు, కవితకు తోడుగా ఒక సాయంత్రపు ఆకాశం, కార్డుల వెనకవైపు అల్లిక డిజైను, వీడియో థంబ్‌నెయిల్‌కు వెనక దృశ్యం. వీటికి ఏఐ వాడటంలో సందేహించాల్సింది లేదు. వీటిలో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు, ఎందుకంటే అవి ఫలానాదాన్ని చూపిస్తున్నామని చెప్పవు.

ఖర్చు కూడా తక్కువే. చాట్‌లో అడిగితే బొమ్మ ఇచ్చే టూల్స్ రోజుకు కొన్ని బొమ్మలు ఉచితంగా ఇస్తాయి. మిడ్‌జర్నీ అనే బొమ్మల ఏఐలో అన్నిటికన్నా చిన్న ప్లాన్ నెలకు 10 డాలర్లు. దాని మీద పన్ను, బ్యాంకు డాలర్ మార్పిడి రుసుము పడతాయి. కార్డులో విదేశీ చెల్లింపులు ఆన్ చేసి ఉంచాలి, నెల పని అయ్యాక ప్లాన్ రద్దు చేయడం మరవకూడదు. ఆ చిన్న ప్లాన్‌లో చేసిన బొమ్మలు అందరికీ కనిపిస్తాయి, దాచుకునే సౌకర్యం పెద్ద ప్లాన్లలోనే ఉంది. కాబట్టి ఇంట్లో పిల్లల ఫోటోలు ఎక్కించి బొమ్మలుగా మార్చే పని అక్కడ పెట్టుకోవద్దు. 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ ఇంట్లో ఉంటే స్టేబుల్ డిఫ్యూజన్ అనే ఉచిత బొమ్మల ఏఐ పెట్టుకోవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, బొమ్మ మీ కంప్యూటర్ దాటి బయటికి పోదు. నేర్చుకోవడానికి మాత్రం రెండు మూడు వారాల ఓపిక కావాలి.

పాత్ర మారిపోవడం: అసలు చిక్కు ఇదే

పిల్లల పుస్తకం తీసుకోండి. కథలో ఎనిమిదేళ్ల పిల్ల ఉంది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, ఆకుపచ్చ లంగా, ఎడమచేతికి కడియం. మొదటి బొమ్మలో అన్నీ వస్తాయి. మూడో బొమ్మలో ఒక జడే ఉంటుంది. ఐదో బొమ్మలో కడియం కుడిచేతికి మారుతుంది. ఏడో బొమ్మలో పిల్లకు పన్నెండేళ్లు వచ్చేస్తాయి. పెద్దవాళ్లం మనం సర్దుకుని చదువుతాం. ఐదేళ్ల పిల్లలు సర్దుకోరు, "ఈ అక్క ఎవరు?" అని అడుగుతారు.

దీనికి కారణం ఏఐ పనిచేసే తీరులోనే ఉంది. అది ప్రతిసారీ గజిబిజి చుక్కల నుంచి మొదలుపెట్టి, మీ మాటలకు దగ్గరగా వచ్చేదాకా ఆ చుక్కలను సర్దుకుంటూ పోతుంది. ఆ పిల్లను ఒక మనిషిగా గుర్తుపెట్టుకోవడం అక్కడ లేదు. మాటల్లో చెప్పని ప్రతి వివరాన్నీ మళ్లీ కొత్తగా ఊహిస్తుంది. దీన్ని తగ్గించే మార్గాలున్నాయి. మొదటి బొమ్మనే రిఫరెన్స్‌గా ఇవ్వడం, అదే సీడ్ సంఖ్య (మొదటి గజిబిజి చుక్కలను నిర్ణయించే అంకె) వాడటం, తప్పు వచ్చిన చోటును మాత్రమే ఇన్‌పెయింటింగ్‌తో మళ్లీ గీయించడం. కొత్త టూల్స్‌లో రిఫరెన్స్ బొమ్మతో ముఖం చాలావరకు నిలుస్తోంది కానీ బట్టల అంచు, గాజుల లెక్క, వెనక ఇంటి వాకిలి నిలవడం లేదు. ఇంకా గట్టిగా కావాలంటే ఆ పాత్ర మీద లోరా శిక్షణ ఇవ్వాలి, అంటే ఆ పాత్ర బొమ్మలు చూపించి ఏఐకి విడిగా నేర్పాలి. అందుకు ఒకే పాత్ర బొమ్మలు 15 నుంచి 30 దాకా ఉండాలి. ఒకేలా ఉండే 15 బొమ్మలే దొరక్క కదా ఇంత అవస్థ! వాటిని ఎవరో ఒకరు చేత్తో గీయాల్సిందే. ఆర్టిస్టు దగ్గరికి ఆ పూటే వెళ్లి ఉంటే పుస్తకం సగం అయి ఉండేది.

మన సీమను ఏఐ ఎందుకు గుర్తుపట్టదు

స్టేబుల్ డిఫ్యూజన్ తొలి రూపాలకు శిక్షణ ఇచ్చింది లాయన్ అనే బొమ్మల కుప్ప నుంచి. లాయన్ 5బీ అనే ఆ కుప్పలో 585 కోట్ల బొమ్మల లింకులు, వాటి పక్కన రాసి ఉన్న మాటలు ఉన్నాయి. అందులో దాదాపు 230 కోట్లకు పక్కనున్న మాటలు ఇంగ్లీషు. మిగతా వంద పైచిలుకు భాషలన్నీ కలిపినా అంతకు కాస్త తక్కువే. ఇంటర్నెట్‌లో ఎక్కువగా ఉన్నదే బొమ్మలో ఎక్కువగా వస్తుంది. రాయలసీమ పల్లె ఫోటోలు, వాటి కింద సరైన వివరం రాసినవి ఇంటర్నెట్‌లో ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు.

అందుకే "ఆంధ్ర పల్లెటూరు" అని అడిగితే కొబ్బరి చెట్లు, కాలువ గట్టు, పచ్చని వరి వస్తాయి. మన మిద్దె ఇల్లు, నాపబండలు పరిచిన వాకిలి, ఎర్రనేల, తుమ్మచెట్లు, గుండ్రాళ్ల కొండలు రావాలంటే ఒక్కొక్కటీ కంటికి కనిపించేట్టు విడివిడిగా చెప్పాలి. కప్పు చదునుగా ఉంటుంది, గోడ రాతిది, నేల ఎర్రగా పొడిగా ఉంటుంది, చెట్టు పొట్టిగా ముళ్లతో ఉంటుంది, దూరంగా గుట్ట మీద పెద్ద పెద్ద రాళ్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఊరి పేరు చెప్పడం కన్నా ఇలా చెప్పడం పది రెట్లు మేలు. శెనక్కాయ చేను అడిగినప్పుడు కాయలు కొమ్మలకు వేలాడుతున్నాయేమో చూసుకోండి, కాయ భూమిలో ఉంటుందని బొమ్మకు తెలియదు. సుగాలి ఆడవాళ్ల దుస్తులు అడిగితే రాజస్థాన్ పోకడలు కలిసిపోతాయి.

నిజమైన చోట్లయితే ఇంకా కష్టం. గండికోటను ఇంగ్లీషులో "భారతదేశపు గ్రాండ్ కెన్యన్" అని పిలుస్తుంటారు. ఏఐకి రాసిచ్చే ప్రాంప్ట్‌లో ఆ మాట పెడితే పెన్నా లోయ బదులు అమెరికా ఎడారి లోయ పొరలు పొరలుగా వచ్చి కూర్చుంటుంది. లేపాక్షి నంది అంటే మైసూరు చాముండి కొండ నంది పోలికలు, నల్లని నూనె మెరుపు వచ్చే అవకాశం ఎక్కువ. కర్నూలు కొండారెడ్డి బురుజు అడిగితే ఏదో ఒక కోట వస్తుంది, ఆ ఊరివాళ్లు మాత్రం దాన్ని గుర్తుపట్టరు. ఊరి చరిత్ర పుస్తకంలో అలాంటి బొమ్మ వేయడం తప్పుడు సమాచారం అచ్చువేయడంతో సమానం. ఆ పుస్తకాన్ని ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో పిల్లవాడు తీసి చూసి, మన ఊరి కోట ఇలా ఉండేదేమో అనుకుంటాడు. ఇక్కడ మాత్రం ఏఐ వద్దే వద్దు. ఫోటో తీసి వేయండి, లేదా ఆ ఫోటో చూపించి గీయించుకోండి.

లెక్క ఉన్న బొమ్మ ఏఐతో వద్దు

పులి–మేక పలకలో 23 కూడళ్లు ఉంటాయి. మూడు పులులు, పదిహేను మేకలు. ఈ పలకను ఏఐ సరిగ్గా గీస్తుందని నమ్మలేం. గీతలు వంకర పోతాయి, ఒక కూడలి ఎక్కువో తక్కువో అవుతుంది, ఆట ఆడలేం. దీనికి ఆర్టిస్టు కూడా అక్కర్లేదు. గీతల బొమ్మలకు ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో అరగంట పని. ఏ4 కాగితం నిలువుగా పెట్టి, పైన మధ్యలో శిఖరం చుక్క పెట్టండి. అక్కడి నుంచి 24 సెంటీమీటర్లు కిందికి అడుగు గీత. దాని మీద మధ్య నుంచి అటూ ఇటూ 2.7, 8 సెంటీమీటర్ల దూరంలో నాలుగు చుక్కలు. శిఖరం నుంచి ఆ నాలుగింటికీ గీతలు. ఇక శిఖరం నుంచి 8, 13, 18 సెంటీమీటర్ల కింద మూడు అడ్డగీతలు, ఒక్కొక్కటి మధ్య నుంచి అటూ ఇటూ 8.5 సెంటీమీటర్లు. ఆ అడ్డగీతల కొసలను రెండు పక్కలా నిలువుగా కలపాలి. శిఖరం ఒకటి, మూడు అడ్డగీతల మీద ఆరేసి, అడుగున నాలుగు: మొత్తం 23. పై వరసలో కూడళ్ల మధ్య దూరం రెండు సెంటీమీటర్ల లోపే వస్తుంది కాబట్టి పావులు ఒకటిన్నర సెంటీమీటర్లకు మించకూడదు. పలక చుట్టూ అలంకారం, పెట్టె మీద పులి బొమ్మ మాత్రం ఆర్టిస్టుకు వదలండి.

తెలుగు అక్షరాలు

బొమ్మలో తెలుగు అక్షరాలు రాయమని ఏఐని అడగకండి. ఒకటి రెండు పెద్ద మాటలు అప్పుడప్పుడు సరిగ్గా వస్తాయి. వత్తులు, గుణింతాలు వచ్చేసరికి తెలుగులా కనిపించే గీతలు మిగులుతాయి. దూరం నుంచి బాగానే ఉంటాయి, అచ్చయ్యాక చూస్తే తల తిరుగుతుంది. అక్షరాలకు చోటు ఖాళీగా వదలమని చెప్పి, తర్వాత ఇంక్‌స్కేప్‌లోనో కాన్వాలోనో పెట్టుకోవాలి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ధూర్జటి, సురవరం లాంటి తెలుగు ఫాంట్లు ఉచితం, అచ్చుకు వాడుకోవడానికి అభ్యంతరం లేదు. శీర్షికకు రామభద్ర నిండుగా ఉంటుంది, చదివే పాఠానికి మండలి కంటికి హాయి. ఫోటోషాప్‌లో వత్తులు విడిపోయి కనిపిస్తే ఫాంటు తప్పు కాదు. టైప్ సెట్టింగుల్లో మన భాషలకు పనికొచ్చే వరల్డ్ రెడీ ఎంపిక ఆన్ చేయాలి.

ఫ్లెక్సీ, డీటీపీ షాపు

ఊళ్లో షాపు డిజైనర్‌ను తక్కువగా చూడొద్దు. అక్షరాల అమరిక, ముద్రణకు ఫైలు సిద్ధం చేయడం వాళ్లకు కొట్టిన పిండి. కొత్త బొమ్మ గీయడం మాత్రం అక్కడ దొరకదు. తెచ్చిన బొమ్మలు అతికించి ఇస్తారు, ఈమధ్య ఏఐ బొమ్మలు కూడా కలుపుతున్నారు. అందుకని గీసే పని వేరే చోట, పేజీ అమర్చే పని వీళ్ల దగ్గర పెట్టుకోవడం సరైన పద్ధతి.

రెండు జాగ్రత్తలు. చాలా షాపుల్లో ఇప్పటికీ తెలుగు అంటే పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, అనూ ఫాంట్లు. మీరు వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ తెలుగు అక్కడ గళ్లుగానో చెత్తగానో కనిపిస్తుంది, మళ్లీ టైపు చేయిస్తారు, తప్పులు దొర్లుతాయి. అక్షరాలను గీతలుగా మార్చిన పీడీఎఫ్ ఇస్తే ఈ బాధ ఉండదు. రెండోది కాలం. మాఘం, ఫాల్గుణం, శ్రావణం పెళ్లి పత్రికలతో, వినాయక చవితి ఫ్లెక్సీలతో షాపులు ఊపిరాడకుండా ఉంటాయి. ఆషాఢం, పుష్యం ముహూర్తాలు లేని నెలలు కాబట్టి అప్పుడు వెళితే కూర్చోబెట్టి శ్రద్ధగా చేస్తారు.

ఫైలు సైజు గురించి ఒక లెక్క. పుస్తకానికి అంగుళానికి 300 చుక్కలు (పిక్సెళ్లు) కావాలి. ఏఐ ఇచ్చే 1024 చుక్కల బొమ్మ అలా చూస్తే మూడున్నర అంగుళాల లోపే, 8.7 సెంటీమీటర్లు. ఏ5 పేజీ నిండాలంటే 1748 బై 2480 చుక్కలు ఉండాలి. కోతకు చుట్టూ 3 మిల్లీమీటర్లు కలిపితే 1819 బై 2551. అప్‌స్కేల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పెంచుకోవచ్చు గానీ దూరంగా ఉన్న చిన్న ముఖాలు మైనపు ముద్దల్లా అవుతాయి, చర్మం ప్లాస్టిక్‌లా నున్నగా మారుతుంది. ఫ్లెక్సీ దూరం నుంచి చూసేది కాబట్టి 72 చుక్కలతో సరిపోతుంది. ఆరు బై నాలుగు అడుగుల ఫ్లెక్సీకి 5184 బై 3456. ఇంకొకటి: తెర మీద మెరిసే నీలం, చిలకపచ్చ రంగులు ముద్రణలోని నాలుగు రంగుల్లోకి మారగానే మసకబారతాయి. ఏఐ బొమ్మల్లో ఈ మెరుపు రంగులు మరీ ఎక్కువ. మొత్తం అచ్చు వేయించే ముందు ఒక్క కాపీ డిజిటల్ ప్రింటు తీయించి, పగటి వెలుగులో చూడండి.

కార్డుల ఆట చేసేవాళ్లకు: 63 బై 88 మిల్లీమీటర్ల కార్డుకు కోత అంచు కలిపితే 69 బై 94. పన్నెండు బై పద్దెనిమిది అంగుళాల షీటు మీద కార్డులను అడ్డంగా పేర్చితే 18 పడతాయి, నిలువుగా పేర్చితే 16 మాత్రమే. అంటే 54 కార్డుల కట్టకు సరిగ్గా మూడు షీట్లు. 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, రెండు వైపులా మ్యాట్ ల్యామినేషన్ చెప్పండి, మెరిసేది వేస్తే కలిపేటప్పుడు అతుక్కుంటాయి. వెనక డిజైను ఏఐతో చేస్తే ఒక చిన్న పని తప్పనిసరి: పై సగం కోసి, దాన్ని 180 డిగ్రీలు తిప్పి కింద సగంగా అతికించాలి. లేకపోతే తలకిందులుగా ఉన్న కార్డును వెనక నుంచే కనిపెట్టేస్తారు.

ఫ్రీలాన్స్ ఆర్టిస్టు: డబ్బు ఎక్కడికి పోతుందో తెలిస్తే బేరం సులువు

కడపలో డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. అక్కడ చదువుతున్నవాళ్లు, చదివి బయటికి వచ్చినవాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో తమ పనులు పెడుతుంటారు. బడుల్లో డ్రాయింగు మాస్టర్లు, గోడల మీద రాసే పెయింటర్లు కూడా మంచి గీత ఉన్నవాళ్లే. వెతికేటప్పుడు ఒక్క గొప్ప బొమ్మ చూసి పడిపోకుండా, ఒకే పాత్రను నాలుగైదు చోట్ల గీసిన పని ఉందా అని చూడండి. కథల పుస్తకానికి కావాల్సిన నేర్పు అదే.

ఏ5 పేజీ నిండా రంగుల బొమ్మ, ఇద్దరు మనుషులు, వెనక దృశ్యం. చిత్తు గీతలకు గంట, పెన్సిలుకు రెండు మూడు గంటలు, గీతలు దిద్దడానికి రెండు మూడు, రంగులకు నాలుగైదు. మొత్తం తొమ్మిది నుంచి పన్నెండు గంటల పని. గంటకు 150 రూపాయలే అనుకున్నా బొమ్మకు 1,350 నుంచి 1,800. పన్నెండు బొమ్మలకు 16,200 నుంచి 21,600. గంటకు ఎంత అనేది ఆర్టిస్టు చెప్పాలి, మీరు కాదు. ఈ లెక్క తెలియకుండా "ఒక బొమ్మే కదా, మూడొందలకు గీసియ్యి బాబూ" అనడం ఆ మనిషి రెండు రోజుల కష్టాన్ని అవమానించడమే. డబ్బు తక్కువగా ఉంటే రేటు తగ్గించమనకండి, పని తగ్గించండి. పన్నెండు నిండు పేజీల బదులు నాలుగు నిండు పేజీలు, ఎనిమిది మూల బొమ్మలు పెట్టుకోండి. నాలుగు రంగుల బదులు నల్లగీతకు తోడు ఒక్క కావిరంగు. ఒకే వాకిలి దృశ్యాన్ని పొద్దున, సాయంత్రం రంగులు మార్చి మూడుచోట్ల వాడటం. కుట్టే పుస్తకానికి పేజీలు నాలుగు గుణిజంలో ఉండాలని ముందే చూసుకుంటే చివర్లో ఖాళీ పేజీలకు బొమ్మలు వెతుక్కునే ఖర్చు కూడా మిగులుతుంది.

పని ఇచ్చే తీరులోనే సగం గొడవలు పుడతాయి. "మంచిగా, ట్రెడిషనల్‌గా ఉండాలి" అని చెప్పి వదిలేస్తే, ఎన్నిసార్లు గీసినా మీ మనసులో ఉన్నది రాదు. కాగితం మీద రాసి ఇవ్వాల్సినది ఇలా ఉండాలి: "పులి–మేక పెట్టె మూత. 25 సెంటీమీటర్ల చదరం, చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనం. వేపచెట్టు కింద బండ మీద ఇద్దరు ముసలివాళ్లు ఆడుతున్నారు, ఒకరు తలపాగాతో. బండ మీద పలక గీత కచ్చితంగా జతచేసిన డ్రాయింగులాగే ఉండాలి. పైన మూడో వంతు శీర్షికకు ఖాళీ. పొద్దు వాలే వెలుగు. ఫోటోలు పది జతచేశాం. పెన్సిలు దశలో రెండుసార్లు, రంగుల దశలో ఒకసారి మార్పులు. ఫైలు లేయర్లతో (పొరలు విడివిడిగా), 300 చుక్కల్లో." ఫోటోలు మీరే ఫోనుతో తీసి ఇవ్వండి. తలపాగా ఎలా చుట్టారో, బండ అంచు ఎలా అరిగిందో ఫోటో చెప్పినట్టు మాట చెప్పలేదు.

పుస్తకమైతే ముందుగా పాత్రల షీటు అడగాలి. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి, నవ్వు, ఏడుపు, కోపం. దీనికి విడిగా డబ్బు ఇవ్వాల్సిందే, ఇవ్వడానికి వెనకాడొద్దు. ఏడో బొమ్మలో జడ మారకుండా కాపాడేది ఈ ఒక్క కాగితమే.

డబ్బు మూడు విడతలుగా ఇవ్వడం ఇద్దరికీ క్షేమం. మొదలుపెట్టేముందు 30 శాతం, పెన్సిలు గీతలు ఒప్పుకున్నాక 40, చివరి ఫైళ్లకు 30. పెన్సిలు దశలో "సరే" అన్నాక మనిషిని కుడి నుంచి ఎడమకు మార్చమంటే అది కొత్త పని, దానికి వేరే డబ్బు. ఆలస్యాలు ఎక్కువగా జరిగేది ఆర్టిస్టు బద్ధకంతో కాదు, మన జవాబు వారం పదిరోజులు రాక. పెన్సిలు బొమ్మ వచ్చిన రెండు రోజుల్లో చెప్పాల్సింది ఒకే మెసేజ్‌లో చెప్పండి.

ఆర్టిస్టు అని చెప్పి ఏఐ బొమ్మ అంటగట్టేవాళ్లూ ఉన్నారు. దాన్ని కనిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను నమ్మొద్దు, చేతిపనిని కూడా ఏఐ అనేస్తుంది. చిత్తు గీత ముందు చూపించమనండి, లేయర్ల ఫైలు అడగండి. ఐప్యాడ్‌లో వాడే ప్రొక్రియేట్ యాప్‌లో గీసేవాళ్లకు గీసే క్రమమంతా వీడియోగా దానంతటదే రికార్డవుతుంది, అది పంపడం నిమిషం పని. చేత్తో గీసినవాళ్లు వీటిని సంతోషంగా చూపిస్తారు.

నిమ్మలకుంట

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటను 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో కలిపారు. అంతకుముందు దాకా అది అనంతపురం జిల్లానే. తోలుబొమ్మల కుటుంబాలున్న ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు అక్కడ ఆటబొమ్మలతో పాటు దీపాల గూళ్లు, గోడకు తగిలించే పటాలు కూడా చేస్తున్నారు.

"తోలుబొమ్మ శైలిలో" అని ఏఐని అడిగితే చాలాసార్లు ఇండోనేషియా నీడబొమ్మలైన వయాంగ్ బొమ్మల పోలిక వస్తుంది. సన్నని మెడ, పుల్లల్లాంటి చేతులు, సూదిముక్కు. ఇంటర్నెట్‌లో వాటి ఫోటోలే ఎక్కువ కాబట్టి. మన బొమ్మ అలా ఉండదు. నిండు దేహం, పెద్ద కన్ను, నగల మీద వరుసగా పొడిచిన రంధ్రాల్లోంచి వెలుగు. పల్చటి మేకతోలుకు రెండు వైపులా రంగు వేస్తారు కాబట్టి వెలుగు వెనక నుంచి పడినప్పుడే ఆ రంగు బతుకుతుంది. హనుమంతుడో, పులో, తోలుబొమ్మలాటలో నవ్వించే బంగారక్కో కావాలంటే వాళ్ల దగ్గరే చేయించి, దాన్ని ఫోటో తీసి పుస్తకానికి వాడుకోవడం మేము గట్టిగా చెప్పే మార్గం. పుస్తకం పని అయ్యాక ఆ బొమ్మ గోడ మీద ఉంటుంది.

ఫోటో తీసేటప్పుడు ముందు నుంచి ఫ్లాష్ వేస్తే రంగులు చచ్చిపోయి, రంధ్రాలు నల్లచుక్కల్లా పడతాయి. పాలతెలుపు యాక్రిలిక్ పలక వెనక ఎల్‌ఈడీ దీపాలు పెట్టి, దాని మీద బొమ్మను పరిచి, కెమెరా సరిగ్గా ఎదురుగా స్టాండు మీద ఉంచి, గదిలో మిగతా లైట్లు ఆర్పి తీయాలి. తేమకు తోలు ముడుచుకుంటుంది కాబట్టి వానాకాలంలో తెచ్చిన బొమ్మను ఒకరోజు చదునుగా, మీద గాజు పలక పెట్టి ఉంచండి. పుస్తకంలో వాడుకుంటామని ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలాటకు జీఐ గుర్తింపు, అంటే ఆ పేరును ఆ ప్రాంతపు పనికే పరిమితం చేసే భౌగోళిక గుర్తింపు, ఉంది. ఏఐలో తీసిన బొమ్మకు ఆ పేరు తగిలించి అమ్మే ఆలోచన ఎవరూ చేయొద్దు.

రెండూ కలిపి వాడటం

ఏఐతో ఊహకు ఒక రూపం తెచ్చుకుని, ఆర్టిస్టుకు చూపించి గీయించుకోవడం చాలామంది చేస్తున్నారు. రంగుల మూడ్, వెలుగు ఎటు నుంచి అని చెప్పడానికి అది బాగుంది. పూర్తయిన ఏఐ బొమ్మ చూపించి "ఇలాగే కావాలి" అంటే మాత్రం చెడుతుంది. అందులో చెయ్యి ఎక్కడ విరిగిందో, నీడ ఎటు పడిందో సరిచేసుకుంటూ కాపీ చేయడం కొత్తగా గీయడం కన్నా ఎక్కువ పని. బొమ్మలో ఆ ఆర్టిస్టు గీత ఉండదు. పుల్ల మనుషులతో మీరు గీసిన చిత్తు, నాలుగు ఫోటోలు దానికన్నా మంచి ఆధారం. కొందరు ఆర్టిస్టులకు ఏఐ బొమ్మ చూడటమే ఇష్టం ఉండదు. తమలాంటివాళ్ల పనిని అడగకుండా తీసుకుని ఆ టూల్స్‌ను తయారుచేశారన్న బాధ అది. ఆ బాధ న్యాయమైనదే, ముందే అడిగి తెలుసుకోండి. బతికి ఉన్న ఫలానా ఆర్టిస్టు శైలిలో కావాలని ప్రాంప్ట్ రాయడం మాత్రం ఏ ప్రాజెక్టుకైనా మానుకోవాల్సిన పని. ఆ శైలి నచ్చితే ఆయనకే ఫోను చేయండి.

హక్కులు

1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి గీయించుకున్న పెయింటింగు, పోర్ట్రెయిట్ లాంటివాటికి, వేరే ఒప్పందం లేకపోతే, గీయించుకున్నవారే మొదటి హక్కుదారు. మిగతా రకాల బొమ్మలకు ఆర్టిస్టే హక్కుదారు. కంప్యూటర్ మీద గీసిన పుస్తకపు బొమ్మ ఎందులోకి వస్తుందని తర్వాత వాదించుకోవడం కన్నా ఒక పేజీ రాసుకోవడం మేలు. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లే చెల్లుతుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. అమెరికాలో ఉన్న బంధువులు ఈ-పుస్తకం కొనాలనుకుంటే "ప్రపంచమంతటా" అన్న మాట తప్పక రాయాలి. సరదా ప్రాజెక్టుకు మొత్తం హక్కులు కొనక్కర్లేదు. ఈ పుస్తకం, దాని ఈ-పుస్తకం, దాని ప్రచారం, పదేళ్లు, ఇంత వరకు వాడుకునే అనుమతి చాలు, ధర కూడా తగ్గుతుంది.

ఏఐ బొమ్మ విషయంలో మన చట్టం, కంప్యూటర్‌తో తయారైన రచనకు దాన్ని తయారుచేయించిన వ్యక్తిని కర్తగా చెబుతుంది. ఆ మాట 1994 సవరణలో వచ్చింది, ఇప్పటి ఏఐని ఊహించి రాసింది కాదు. అమెరికా కాపీరైట్ ఆఫీసు 2023లో ఒక కామిక్ పుస్తకానికి కథకు, అమరికకు హక్కు ఇచ్చి, ఏఐ బొమ్మలకు ఇవ్వలేదు. మీ ఆట పెట్టె బాగా పోయి ఎవరైనా ఆ బొమ్మనే కాపీ కొడితే, ఆపడానికి మీ చేతిలో గట్టి కాగితం ఉండకపోవచ్చు. సొంతంగా పుస్తకాలు ప్రచురించుకునే అమెజాన్ కేడీపీలో పుస్తకం పెట్టేటప్పుడు ఏఐ బొమ్మలున్నాయా అని అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

57వ సెక్షన్ ప్రకారం హక్కులు అమ్మేసినా తన పని అని చెప్పుకునే హక్కు ఆర్టిస్టుకు పోదు. లోపలి అట్ట మీద, కథ రాసినవారి పేరు ఉన్న సైజులోనే బొమ్మలు గీసినవారి పేరు వేయండి. ఏఐ వాడితే ఆ మాట కూడా అక్కడే ఒక వరుసలో రాయండి. అచ్చయిన పుస్తకాల్లో ఐదు కాపీలు ఆర్టిస్టుకు విడిగా పంపండి, రెండో ముద్రణకు వెళ్లేముందు ఒకసారి ఫోను చేసి చెప్పండి.